థేరా రేవులో రాళ్ళు

తొమ్మిదో తరగతికి గ్రీకుల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేనొక కథ చెప్పేవాణ్ణి. అది సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు. అయినా పిల్లలు నవ్వుతారని చెప్పేవాణ్ణి. బహ్రెయిన్‌లో ఇండియన్ స్కూల్లో సోషల్ మాస్టారంటే లెక్కల మాస్టారు సెలవు పెట్టిన రోజు మాత్రమే గుర్తొచ్చే మనిషి. పిల్లలు నవ్వితే ఆ పూట నేనూ మాస్టారినే అనిపించేది.

కథ ఇది. థేరా అని గ్రీకుల దీవి ఒకటుండేది. ఏళ్ళ తరబడి వానల్లేక తిండికి కటకటలాడారు. అన్నదమ్ములున్న ప్రతి ఇంటినుంచీ ఒకణ్ణి సముద్రం దాటించి ఆఫ్రికా ఒడ్డుకు పంపాలని, అక్కడే కొత్త ఊరు కట్టుకోమనాలని పెద్దలు తీర్మానించారు. ఎవరు పోవాలో చీట్లు వేసి తేల్చారు. పేరొచ్చినవాళ్ళు పడవలెక్కారు. వెళ్ళినచోట కాళ్ళు నిలదొక్కుకోలేక కొన్నాళ్ళకు వెనక్కి వచ్చారు. పడవలు రేవులోకి వస్తుంటే సొంత ఊరివాళ్ళే ఒడ్డున నిలబడి రాళ్ళు రువ్వారు. కాలు పెట్టనివ్వలేదు. వచ్చిన దారినే పొమ్మన్నారు.

ఇక్కడికొచ్చేసరికి నేను బల్ల చాటుకు వంగి, తల మీద అట్ట పెట్టుకుని, రాళ్ళు తప్పించుకునే పడవవాడిలా నటించేవాణ్ణి. క్లాసంతా గొల్లుమనేది. “సొంతవాళ్ళనే ఎందుకు కొట్టారు సార్?” అని ఎవరో ఒకరు అడిగేవారు. “దూరం నుంచి గుర్తుపట్టి ఉండరు, దొంగల పడవలనుకుని ఉంటారు” అనేవాణ్ణి. ఆ ముక్క నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నేనే కలిపాను. పిల్లలు ఇంటికి వెళ్ళి అన్నం తినాలి కదా.

నేను బహ్రెయిన్ వచ్చింది కూడా చీటీ వల్లే. కోనసీమలో అన్నయ్యకూ నాకూ కలిపి ఉన్నది ఒక్క ఎరువుల కొట్టు. అమ్మా నాన్నా అప్పటికే లేరు. కొట్టు మీద ఇద్దరం బతకలేం, ఒకడు గల్ఫ్ పోవాలని ఇద్దరికీ తెలుసు. ఎవడన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు. చీట్ల మాట ఎత్తింది నేనే. హిస్టరీలో ఎమ్మే చేతికొచ్చిన కొత్త. గ్రీకులు పెద్ద పెద్ద పదవులకు కూడా చీట్లే వేసేవారనీ, అందులో ఎవరికీ అన్యాయం జరగదనీ భోజనాల దగ్గర ఉపన్యాసం దంచాను. మర్నాడు పొద్దున వదిన దేవుడి గదిలో ఇత్తడి పళ్ళెంలో రెండు చీట్లు వేసి అక్షింతలు చల్లింది. అన్నయ్య కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. నా పేరు వచ్చింది.

అన్నయ్య నన్ను కావలించుకుని ఏడ్చాడు. “కుదరకపోతే వచ్చెయ్యరా. ఈ ఇల్లు నీది కాదేటి?” అన్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను ఇప్పటికీ అనను. అదే నా కడుపుమంట. దొంగ ఏడుపైతే ఏనాడో మరిచిపోయేవాణ్ణి.

థేరావాళ్ళు కూడా అలాగే మాటిచ్చారట. ఐదేళ్ళు పడరాని పాట్లు పడీ కుదరకపోతే తిరిగి రావచ్చు, మీ ఆస్తి మీకే ఉంటుందని. తరవాత్తరవాత ఆ మాటను రాతి మీద చెక్కించారు కూడా.

బహ్రెయిన్‌లో రిఫా అనే చోట ఒక ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. గ్రీకులు ఈ దీవిని టైలోస్ అనేవారని తెలిశాక నాకు పిచ్చి సంతోషమేసింది. మ్యూజియంలో ఆ కాలపు సమాధి రాళ్ళున్నాయి. వాటి మీద మనుషులు నిలువునా నిలబడి, కుడి అరచెయ్యి మనవైపు ఎత్తి ఉంటారు. సెలవు దొరికితే వాటి ముందు నిలబడేవాణ్ణి. ఎక్కడివాళ్ళో, ఎందుకొచ్చారో, ఇక్కడే మట్టయ్యారు. నేను మాత్రం అలా కాదులే అనుకునేవాణ్ణి. నాకు ఊరుంది. నేను పంపిన డబ్బుతో అన్నయ్య కొత్తగా కట్టిన ఇంట్లో మేడ మీద గది ఉంది. “తమ్ముడి గది” అని అన్నయ్య ఫోన్లో అందరికీ చూపించేవాడు. ఆ గదిలో పిల్లలకు హిస్టరీ చెప్పుకుంటూ బతకాలని నా ఆశ. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకునే ఉన్నాను. నా పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పాలిచ్చే గేదెను సంతకు తోలుకెళ్ళేదెవరు?

నిరుడు స్కూలువాళ్ళు సోషల్ టీచర్లను తగ్గించారు. నా కాంట్రాక్టు పొడిగించబోమని చెప్పడానికి వాళ్ళకు నన్ను కూర్చోమనాల్సిన అవసరం కూడా కలగలేదు. నిజం చెప్పాలంటే నాకు బాధ వెయ్యలేదు, లోపల్లోపల ఎగిరి గంతేశాను. సామాను సర్దుతుంటే మా ఫ్లాట్‌లో ఉండే కరీంనగర్ డ్రైవర్ గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

“ఖలాస్ చేసుకోని పోతున్నవా అన్నా?”

“ఇంక రాను.”

“మనం దుబాయికి వచ్చినోళ్ళం. ఇంటికి పోతే సుట్టాలమే. నెల దాటితే సుట్టం గూడ కాదు. జెర సూస్కోని పో.”

నాకు ఒళ్ళు మండింది. మా అన్నయ్య సంగతి నీకేం తెలుసన్నాను. అతను భుజాలెగరేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళాక మొదటి వారం చేపల పులుసులు, పలకరింపులు. మేడ మీద గదిలో ఎవరో బ్యాంకు ఉద్యోగి అద్దెకుంటున్నాడు. “ఊరికే ఖాళీగా ఉంచడమెందుకని ఇచ్చాం మరిదిగారూ, మీరెలాగూ తిరిగి ఎళ్ళిపోతారు కదా” అంది వదిన. నాకు హాల్లో మడత మంచం వేశారు. ఓ రాత్రి భోజనాల దగ్గర ఇంక వెళ్ళనని చెప్పాను. మర్నాడు అన్నయ్య నన్ను కొట్టు దగ్గరికి రమ్మన్నాడు. గిరాకీలు లేని వేళ చూసి మొదలుపెట్టాడు.

“ఇక్కడ ఏం చేత్తావురా?”

“పాఠాలు చెప్తాను. ఆ గది ఖాళీ చేయించు.”

“హిస్టరీ ఎవడు నేర్చుకుంటాడ్రా ఈ రోజుల్లో? ఊళ్ళోవాళ్ళు ఏటనుకుంటారు? గల్ఫ్‌లో ఏదో ఎదవ పని చేసి ఎళ్ళగొట్టించుకున్నాడనుకోరూ? మా పిల్లకి సంబంధాలు చూత్తన్నాం.”

“కుదరకపోతే వచ్చెయ్యమన్నావు కదా అన్నయ్యా.”

అన్నయ్య గల్లాపెట్టె మూత వేశాడు. నా మొహంలోకి చూశాడు. గొంతు పెంచలేదు, కోపం కూడా లేదు.

“దేవుడి ముందేసిన చీటీరా అది. నీ పేరే వచ్చింది కదా. నేనేటి చెయ్యను?”

ఆ క్షణంలో అతని గూబ మీద ఒక్కటివ్వాలనిపించింది. చెయ్యి లేవలేదు. చీట్లలో అన్యాయం ఉండదని చెప్పినవాణ్ణి నేనే మరి.

వచ్చిన నెల తిరగకుండానే కరీంనగర్ డ్రైవర్‌కు ఫోన్ చేశాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. బహ్రెయిన్‌లోనే సనాబిస్‌లో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ళతో మాట్లాడాడు, వాళ్ళు వీసా ఇచ్చారు. విమానాశ్రయం దాకా అన్నయ్యే కారులో దింపాడు. దారి పొడుగునా నా ఆరోగ్యం గురించి జాగ్రత్తలు చెప్పాడు. వదిన ఆవకాయ కట్టి ఇచ్చింది. ఇచ్చినందుకు నేను థాంక్స్ చెప్పాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో చెయ్యలేదు.

ఇప్పుడు నా మకాం గలాలీలో. ముహర్రక్ దీవి చివర ఒక చిన్న గది. థేరా రేవు నుంచి వెనక్కి తిరిగిన పడవలవాళ్ళు కూడా ఆఫ్రికా ఒడ్డు దగ్గర ఒక చిన్న దీవిలోనే తలదాచుకున్నారట.

మొన్న ట్యూషన్లో గ్రీకుల పాఠం వచ్చింది. కథ చెప్పాను. ఈసారి బల్ల చాటుకు వంగలేదు, అట్ట తల మీద పెట్టుకోలేదు. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది.

“దూరం నుంచి గుర్తుపట్టలేదేమో కదా సార్?”

ఇన్నేళ్ళు నేను చెప్పిన జవాబు నోటి చివరి దాకా వచ్చింది.

“గుర్తుపట్టారమ్మా” అన్నాను. “వాళ్ళెవరో తెలిసే వేశారు.”

ఆ పిల్ల ఆ మాట నోట్సులో రాసుకోబోయింది. పుస్తకం తీసి తరవాతి పేజీ చదవమన్నాను.