శాంతమ్మ అరటిపండ్లు

ఆదివారం కొనేవాళ్లు తక్కువ కాబట్టి పసుపు చవకగా కొట్టేయొచ్చని తెనాలి నుంచి ఆర్మూర్ దాకా వెళ్లిన మొనగాణ్ణి నేను. ఆ రోజు అమ్మేవాళ్లూ ఉండరని కిరాణా కొట్లో పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. మార్కెట్‌కు తాళం.

ఎండకు తట్టుకోలేక ఊరి పక్కనే ఉన్న పెర్కిట్‌లో ఒక చిన్న చర్చిలోకి దూరి ఫ్యాను కింద కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక అందరూ బంతికి కూర్చున్నారు. ప్రేమవిందట. పిలవని వాణ్ణి కదా అని నేను గోడవారగానే ఉండిపోయాను. వడ్డిస్తున్న శాంతమ్మ అనే పెద్దావిడ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"సారూ, మేం వండింది తింటరా? తినకుంటే ఫికర్ లేదు, పండ్లు తెచ్చిపెట్టినం."

వాళ్ల కులం చూసి వాళ్ల చేతి అన్నం ముట్టని అతిథులు ఇంకా వస్తుంటారట. వాళ్లు ఇబ్బంది పడకుండా ప్రతి విందుకూ అరటిపండ్లు కొని ఉంచుతారట. గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి నా జవాబు కోసం ఆగిపోయింది.

"అన్నమే పెట్టండమ్మా. పండ్లు కూడా ఇస్తే కాదనను," అన్నాను.

"అబ్బో, గీ సారు మస్తు బేరగాడే!" అని నవ్వి, ఆ పండ్లు బంతిలో అందరికీ పంచేసింది. "ఇయ్యాల గివి దాచిపెట్టుడు అక్కర్లే. జర జరుగుండ్రి, సారుకు జాగ ఇయ్యుండ్రి."

తిరుగు బస్సులో లెక్క చూసుకున్నాను. పసుపు సున్నా. ఛార్జీలు దండగ. మారు అడిగి మరీ తిన్న అన్నానికి నేను ఇచ్చిందల్లా వాళ్ల పక్కన కూర్చోవడమే. 'తింటరా?' అన్న ఆ ఒక్క మాట అడగడానికి శాంతమ్మ ఎంత దిగమింగుకుందో మాత్రం నా లెక్కకు అందలేదు.