బొమ్మసంద్ర ఉయ్యాలకు నేను పెట్టిన పరీక్ష

"మేము సామాన్లను చూడం, పిల్లలను చూస్తాం." శిశు కేంద్రాలకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థవాళ్లు పంచిన కరపత్రంలో మొదటి వాక్యం ఇది. నేను నమ్మాను. నమ్మినందుకు ఏం జరిగిందో వినండి. కుడి మణికట్టుకు కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో రాస్తున్నాను, ఓపిక పట్టండి.

బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ వెనక గదిలో మునెమ్మక్క క్రెష్ నడుపుతుంది. లోపల లైన్ మీద పనిచేసే తల్లుల పిల్లలు పద్దెనిమిది మంది. నేను శనివారాలు వెళ్లి పిల్లలకు కథలు, పెద్దలకు ఉపన్యాసాలు చెబుతాను. రెండోది ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది మేనేజ్‌మెంట్ ఒక మెలిక పెట్టింది. గుర్తింపు సర్టిఫికెట్ తెస్తేనే గది ఉంటుంది. లేకపోతే జూలై నుంచి అది స్టోర్ రూం.

సంస్థవాళ్ల చెక్‌లిస్టులో పిల్లలకు మంచాలు ఉండాలని రాసుంది. మా దగ్గర ఉన్నవి ఉయ్యాలలు. దూలానికి ఇనుప కొక్కేలు, వాటికి పాత నూలు చీరలు. పక్క షెడ్డులో ప్రెస్సు మిషన్లు దడదడలాడుతున్నా వాటిలో పిల్లలు కదలకుండా నిద్రపోతారు.

"వాళ్లొచ్చే ఆ ఒక్క దినం మంచాలు యాడన్నా అడిగి తెద్దామాప్పా?" అంది మునెమ్మక్క.

"తలవంచేది లేదక్కా. ప్రజల అనుభవమే ప్రమాణం. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం."

"సరే, చూపిద్దాం. నువ్వు మాత్రం మాట్లాడద్దు."

సంస్థ తరఫున తనిఖీకి అసెసర్ మేడం వచ్చింది. హైదరాబాద్ మనిషి, చేతిలో ప్యాడ్. ఏడు ఉయ్యాలల్లో ఏడుగురు పిల్లలు నిద్రపోతున్నారు, ఎనిమిదోది ఖాళీ. మేడం ఒక్క ముఖం కూడా చూడలేదు. పెన్నుతో కొక్కేలు లెక్కపెట్టి, "వీటి వెయిట్ కెపాసిటీ ఎంత? ఎక్కడైనా టెస్ట్ చేయించారా?" అంది.

మునెమ్మక్కకు దానికి జవాబుంది. బిడ్డను పడుకోబెట్టే ముందు ప్రతిసారీ చీరను రెండు చేతులతో కిందికి లాగుతుంది, మోచేతులు ఆనించి ఒరుగుతుంది, ముడి తడిమి చూస్తుంది. పదకొండేళ్లుగా ఒక్క బిడ్డ కింద పడలేదు. అది చూపించడానికి ఆమె ఖాళీ ఉయ్యాల వైపు అడుగేసింది కూడా.

నేను ఆమెను దాటి ముందుకెళ్లాను. ఆచరణే గీటురాయి అని ఎన్ని గోడల మీద రాశానో. "టెస్టు ఇప్పుడే చేస్తాను, రాసుకోండి మేడం," అని ఉయ్యాలలో కూర్చున్నాను.

కూర్చోగానే నా బరువు మోసింది, అది కూడా రాసుకోవాలి. విజయగర్వంతో కాళ్లు పైకి తీసుకున్నాను. అప్పుడు వెనక జేబులో ఉన్న తాళాలగుత్తి చీరలో గుచ్చుకుంది. పర్రున చిరిగింది. నేను నేల మీద, నా చెయ్యి నా కింద.

ప్రెస్సుల మోతకు లేవని ఏడుగురూ ఒకేసారి లేచారు.

"ఏడుమందిని పండబెట్టేదానికి గంట పట్టింది నాకు," అంది మునెమ్మక్క, ఇద్దరిని చంకలకెత్తుకుంటూ. "ఒక్క నిమిషంలో అందర్నీ లేపితివి కదప్పా. దేశాన్ని గూడా ఇట్లనే లేపుతావా?"

నిన్న ఉత్తరం వచ్చింది. "వేలాడే పడకలు పరీక్షలో విఫలమయ్యాయి. గుర్తింపు నిరాకరించడమైనది." పరీక్ష అట. ఆ పరీక్షలో ముడి ఊడలేదు, కొక్కెం కదలలేదు. విఫలమైంది అరవై ఎనిమిది కిలోల నేను. నాకు గుర్తింపు కావాలని ఎవరు అడిగారు? ఒక యువకుడి తెలివితక్కువతనానికి పద్దెనిమిది మంది పిల్లల గది లాక్కోవడం ఏ నాణ్యత?

అప్పీలు రాశాను. మళ్లీ రండి, మునెమ్మక్క చేతులు చూడండి, నిద్రపోయే పిల్లలను చూడండి అన్నాను. రాసింది ఆమెకు చదివి వినిపిస్తే ఒక్క షరతు చేర్చమంది. అదీ చేర్చాను: పరిశీలన జరిగే రోజు ఈ ఉత్తరం రాసినవాడు ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాడు. కింద సంతకం, దాని కింద గీత గీసి మరో వాక్యం: ఎప్పుడు వస్తారో జూన్ పదిహేనులోగా జవాబు చెప్పాలి.