రెండు భాషలూ, మూసిన కిటికీలూ

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో నాకు తుపాకీ గుండు కంటే ముందు లిథువేనియన్ భాష తగిలింది.

అక్కడి చమురు ఊరు అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర నేను స్టోర్ కీపర్ని. అక్కడే ఇద్దరు తెల్లదొరలు పంపులు బాగుచేసేవారు. ఒకాయనది క్రొయేషియా, ఇంకొకాయనది లిథువేనియా. పాస్‌పోర్టుల మీద మాత్రం యుగోస్లావియా అనీ, సోవియట్ యూనియన్ అనీ ఉండేది. ఆ పేర్లెత్తితే ఇద్దరికీ ఒళ్లు మండేది. లోకంలో వాళ్లిద్దరూ ఒప్పుకునేది ఈ ఒక్కటే అనుకున్నాను. పొరపాటు. ఇంకొకటుంది, చెబుతాను.

పెద్ద మేనేజర్లు ముందే జారుకున్నారు. మిగిలిన మేం ఒకే ఇంట్లో చేరాం: ఆ ఇద్దరూ, నేనూ, పక్క బంగళాలో పనిచేసే కడప అక్క. సెలవులకి వెళ్లిన ఆవిడ మామా, అంటే యజమానురాలు, వెళ్లినచోటే ఉండిపోయింది. అక్క బంగళాకి తాళం పెట్టి, ఉన్న బియ్యం నెత్తిన పెట్టుకుని వచ్చేసింది.

వీధిలో ట్యాంకులు తిరుగుతుంటే ఈ ఇద్దరూ పప్పన్నం ముందు కూర్చుని మాటలు పోల్చుకునేవారు. తల అంటే లిథువేనియా ఆయనకి గల్వా, క్రొయేషియా ఆయనకి గ్లావా. చెయ్యి రాంకా, రూకా. చలికాలం జియెమా, జీమా. అంత దగ్గరగా ఉన్నాయి కదా, హాయిగా చుట్టాలమనుకోవచ్చు. అబ్బే! ఎవరిది పాతదో తేలాలి. మా భాష మాటల చివర్లు ఒక్కటీ పోగొట్టుకోలేదని లిథువేనియా ఆయన. అవి చివర్లు కావు, తోకలు, మేం ఎప్పుడో కోసేసుకుని మనుషులమయ్యామని క్రొయేషియా ఆయన.

ఒకసారి నోరు ఊరుకోక, "మంటని మేం అగ్ని అంటాం" అన్నాను. అంతే, ఇద్దరూ ప్లేట్లు వదిలి లేచారు. ఉగ్నిస్! ఓగాన్! నన్ను చెరో వైపునుంచీ సాక్షిగా లాగారు. అక్క గరిట పట్టుకుని చూస్తూ, "ఎందుకబ్బీ కెలుకుతావు వాళ్లను? అన్నం చల్లారిపోతాంది" అంది.

ఇంతలో కబురొచ్చింది. మనవాళ్ల బస్సులు పొద్దున్నే కువైట్ సిటీలో ఒక బడి దగ్గర్నుంచి బయల్దేరతాయి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా. మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. అక్క ఆ బస్సెక్కాలి, నేనూ ఎక్కాలి. దొరలు పాపం, వ్యాన్‌లో దింపుతామన్నారు. అన్నవాళ్లు ఊరుకోవచ్చుగా. మనం బస్సు అని చివర ఉకారం తగిలించినట్టు లిథువేనియా ఆయన ఆటోబుసస్ అంటాడు, రెండో ఆయన ఆటోబుస్‌తో ఆపేస్తాడు. దాని మీద ఇంకో పూట.

"ఏమన్నా అనుకోండప్పా, అది పోకముందే పోదాం" అంది అక్క.

పొద్దున్నే బయల్దేరాం. వ్యాన్‌లో ఏసీ చచ్చిపోయి ఏడాది. నేను కిటికీ తీశాను. ముందు సీట్లోంచి ఇద్దరూ ఒక్కసారే అరిచారు. "ప్రోపుహ్!" అని ఒకాయన, "స్కెర్స్‌వేయిస్!" అని ఇంకొకాయన. ఆ రెండు మాటలకీ ఎక్కడా పోలిక లేదు, అర్థం మాత్రం ఒక్కటే. ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోయే గాలి. అది తగిలితే మెడ పట్టేస్తుందట, చెవి పోతుందట, మనిషే పోవచ్చట. కువైట్‌లో, ఆగస్టులో!

అక్క వైపు దీనంగా చూశాను. ఆవిడ అప్పటికే చెవుల చుట్టూ తువ్వాలు కట్టేసుకుంది.

"వాళ్లు చెప్పేది నిజమే అబ్బీ. చెవుల్లోకి గాలి పోతే అంతే సంగతులు."

మూడు భాషలు ఏకమైపోయి నా కిటికీ మూయించాయి.

సగం దారిలో ఇంజిను కాగిపోయింది. పంపుల మనుషులు కదా, మందు తెలుసు: ఇంజిన్లో వేడి లాగెయ్యాలంటే హీటర్ పూర్తిగా తిప్పాలి. తిప్పారు. కిటికీలు మూసే ఉన్నాయి. "మెడ పట్టేసినా పర్లేదు, కొంచెం తియ్యండి సార్" అని బతిమాలాను. ఇద్దరూ చలికాలం గురించి మాట్లాడుకుంటున్నారు.

సిటీ మొదట్లో చెక్‌పోస్టు. అక్కడ పక్కన వరసగా కార్లు, వ్యాన్లు ఆపి ఉన్నాయి. వాటిలో మనుషుల్లేరు. బాగున్న ప్రతి బండినీ సైన్యం లాగేసుకుంటోందని అర్థమైంది. మా బండి పోతే బస్సూ పోయినట్టే.

సైనికుడు కుర్రాడు. లిథువేనియా ఆయన పాస్‌పోర్టు చూసి నవ్వుతూ, "రూసీ?" అన్నాడు. రష్యావాడివా అని. స్నేహంగానే అడిగాడు. ఒక్క తలూపు చాలు.

"కాదు" అన్నాడు మావాడు. "లిథువేనియా."

"నాదీ యుగోస్లావియా కాదు" అన్నాడు పక్కాయన, అడగకుండానే.

కుర్రాడి నవ్వు ఆగిపోయింది.

"ఆయప్పల్ని నోరు మూసుకోమని చెప్పబ్బీ" అని అక్క నా చెయ్యి గిల్లింది.

కుర్రాడు తుపాకీ భుజానికి సర్దుకుని, బండి చూద్దామని పక్క తలుపు బర్రున లాగాడు. లోపలి వేడి మొహాన కొట్టేసరికి రెండడుగులు వెనక్కేశాడు. మేం నలుగురం ఉడికిన దుంపల్లా కూర్చుని ఉన్నాం. హీటర్ రయ్‌మంటోంది, అక్క చెవులకి తువ్వాలు, ముందునుంచి ఆవిరి. వాడు మమ్మల్నీ బండినీ మార్చి మార్చి చూసి అరబ్బీలో ఏదో అడిగాడు.

"ఏమంటాడక్కా?"

"మీకేమన్నా పిచ్చా అంటాండాడు."

అక్క వాడికేసి చూసి నిదానంగా, అవునన్నట్టు తలూపింది. వాడు ధడాల్న తలుపు మూసేసి, "యల్లా, యల్లా" అని పొమ్మన్నాడు. అలాంటి బండి ఏ సైన్యానికీ అక్కర్లేదు.

బడి దగ్గర బస్సు కదలబోతుంటే ఎక్కాం. నేను కిటికీ సీటు పట్టి, అద్దం బార్లా తీసి, మొహం బయట పెట్టాను. నా బతుకు మొత్తంలో అంత సుఖం ఎరగను. కింద ఇద్దరూ వ్యాన్‌కి ఆనుకుని నిలబడ్డారు. వీడ్కోలుకి ఏదైనా గొప్ప మాట అంటారేమోనని చెయ్యి ఊపాను.

ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి, అద్దం వైపు చూపిస్తూ కంగారుగా సైగ చేశారు. మూసెయ్ అని.

వెనకనుంచి అక్క, "చెప్పలా" అంది.

మూసేశాను.