నాలుగో నంబరు సిస్టమ్, పదకొండు కారణాలు

ఇరవయ్యేళ్ళ వయసులో నేను అలసిపోయినంతగా నలభై దాటిన ఇప్పుడు కూడా అలసిపోవడం లేదంటే మీరు నమ్మరు. ఆ రోజుల్లో నేను అద్దంకిలో డిగ్రీ రెండో ఏడు. పొద్దున లేస్తే నీరసం, బస్సెక్కితే నీరసం, ఇక క్లాసులో కూర్చున్నానంటే నా ఆవులింతలు పక్క బెంచీ దాకా అంటుకునేవి. రక్తం తక్కువైందేమోనని మా అమ్మ వేరుశనగ ఉండలు చేసి పెట్టేది. మా నాన్న మాత్రం, "వాడికి తక్కువైంది రక్తం కాదే, పని" అనేవాడు. ఇద్దరికీ అసలు సంగతి తెలియదు. నాకు రెండు పెద్ద పనులుండేవి. ఒకటి, బస్టాండు వెనకున్న నెట్ సెంటర్లో తుపాకుల ఆట ఆడటం. రెండోది, ఆడినదాని మీద నా అభిప్రాయాలు లోకానికి తెలియజేయడం. లోకం అడగలేదు. అయినా మనం ఊరుకుంటామా?

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు పడే ఏర్పాటు అప్పుడప్పుడే మా సెంటర్లోకి వచ్చింది. దాంతో నేనొక బ్లాగు తెరిచాను. "గోడ చాటున నక్కి కాల్చేవాడు వీరుడా?" అని ఒక రోజు రాసేవాణ్ణి. "లెక్చరర్లు పాఠం మానేసి జిరాక్సు కాగితాలు పంచడం న్యాయమా?" అని ఇంకో రోజు. "రాసేవాడి మనసు ఖాళీగా ఉండాలి" అని మరో రోజు (ఈ విషయంలో నేను పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది). "క్ష" పడాలంటే ఏం నొక్కాలో తెలియక ఆ అక్షరమున్న మాటలన్నీ మానుకుని రాసేవాణ్ణి. అందుకే ఆ బ్లాగులో నేనెవరికీ క్షమాపణ చెప్పినట్టు కనపడదు. పాఠకులు మొత్తం నలుగురు. ఒకణ్ణి నేనే. రెండోవాడు మా టైలరు. మిగతా ఇద్దరెవరో ఇప్పటికీ తెలియదు, పాపం దారి తప్పి వచ్చి ఉంటారు.

టైలరంటే నా క్లాస్‌మేటే. వాళ్ళ నాన్నకి నెట్ సెంటర్ పక్క సందులో బట్టలు కుట్టే షాపు ఉండేది, అందుకని మేం వాడికి ఆ పేరే ఖాయం చేశాం. పొద్దున్నే షాపులో కాజాలు కుట్టి కాలేజీకొచ్చేవాడు, సాయంత్రం మళ్ళీ మిషను ముందుకే. మధ్యలో దొరికే అరగంట మాత్రం మాతో ఆడేవాడు. మాట తక్కువ మనిషి. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా, మౌసు పట్టుకుంటే వణుకన్నది ఉండేది కాదు. నేను ముప్పై మందిని లేపేసి సెంటరంతా వినపడేలా కేకలు పెడుతుంటే, వాడు పక్క సిస్టమ్ మీద నలభై మందిని లేపేసి "ఇక పోదామా?" అనేవాడు. వాడికో అలవాటుంది. ఆట మొదలయ్యే ముందు రెండు చేతులతో కళ్ళు గట్టిగా నులుముకునేవాడు. "కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు లాగేస్తాయిరా" అనేవాడు. ఈ అలవాటు మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆ ఎండాకాలంలో గుంటూరులో తుపాకుల ఆటకి పెద్ద పోటీ పెడుతున్నారనీ, ఒక్కో సెంటర్ నుంచి ఒక్కణ్ణే పంపాలనీ కబురొచ్చింది. మా సెంటర్ ఓనరుని అందరం సెంటరన్న అనేవాళ్ళం. ఆయన, "మీ ఇద్దరిలోనే ఒకడురా. ఆదివారం పదకొండింటికి ఇక్కడే తేల్చేద్దాం" అన్నాడు. తేల్చడానికేముంది, వెళ్ళేది టైలరేనని నాకూ తెలుసు. వాడి సంబరం చూడాలి! ఎప్పుడూ నోరు తెరవనివాడు నన్ను సందు చివరిదాకా లాక్కెళ్ళి చెప్పాడు. "మా నాన్న ఆ రోజు షాపుకి రావొద్దన్నాడురా! పెళ్ళిళ్ళ సీజన్లో! పైగా నాకు కొత్త చొక్కా కుడతన్నాడు." టైలరుగారి అబ్బాయికి కొత్త చొక్కా కుట్టించుకునే తీరిక అన్నాళ్ళకి దొరికిందన్నమాట. నేను పళ్ళికిలించి వాడి భుజం తట్టాను గానీ లోపల కడుపు మండిపోయింది. ఆట మీద అన్ని అభిప్రాయాలు రాసింది నేను, గుంటూరు వెళ్ళేది వాడూనా?

ఆదివారం పొద్దున మా ఊళ్ళో బయల్దేరబోతుంటే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఏడాదికి సరిపడా కారం కొట్టించే రోజులవి. మూడు రోజులు ఎండబెట్టిన మిరపకాయలు వరండాలో గుట్టగా పోసి ఉన్నాయి. ఒక పక్క అమ్మ, ఒక పక్క పిన్ని తొడిమలు తీస్తున్నారు. "ఆ గోతంలోవి తీసేసి ఎక్కడికైనా ఊరేగు" అంది అమ్మ. "అమ్మా, నాకు పోటీ ఉందే!" అంటే, "మీ నాన్నకి చెప్పుకో" అంది. నాన్నకి చెప్పుకోవడం కన్నా గోతం ఖాళీ చేయడమే తేలిక. తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, నా మీద నేనే జాలిపడుతూ రెండు గంటలు తీశాను. వేళ్ళు భగభగలాడిపోయాయి. లేవబోతుంటే పిన్ని, "ఏరా, ఆ చేతులకి నూనె రాసుకుని శనగపిండితో తోముకో. ఉత్త నీళ్ళకి పోదది" అంది. "సరే సరే" అంటూనే పంపు కింద చేతులు తడిపి, లాగుకి తుడుచుకుని బస్సుకోసం పరిగెత్తాను. మిరప పండే ఊరివాణ్ణి కాబట్టి నా కళ్ళ గురించి నాకు భయం లేదు. తొడిమలు తీసిన రోజు కన్ను దురద పెడితే భుజంతో రుద్దుకోవాలని మా వైపు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

సెంటర్లో ఆరు సిస్టమ్స్ ఉంటే, సరిగ్గా తిరిగే మౌసు నాలుగో నంబరు దానికొక్కదానికే ఉండేది. అందుకని ఇద్దరం దాని మీదే ఒకరి తర్వాత ఒకరం పది నిమిషాలు ఆడాలని, ఎవరు ఎక్కువ మందిని లేపేస్తే వాళ్ళే గుంటూరుకని సెంటరన్న తేల్చాడు. చీటీ తీస్తే నా పేరొచ్చింది. పది నిమిషాలూ చెమటలు కక్కుతూ ఆడాను. ముప్పై ఒకటి. లేచి చోటిచ్చాను. టైలరు కూర్చుని, ఆ కీ ఈ కీ నొక్కి, మౌసు అటూ ఇటూ తిప్పి అంతా తనకి కావాల్సినట్టు సర్దుకున్నాడు. తర్వాత అలవాటు ప్రకారం రెండు చేతులతో కళ్ళు గట్టిగా నులుముకున్నాడు.

"అమ్మో!" అని కుర్చీలోంచి లేచిపోయాడు. కళ్ళు మూసుకుపోయాయి, నీళ్ళు ధారగా కారుతున్నాయి. "ఇదేందిరా, దుమ్ము పడిందా?" అంటున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. "నీళ్ళు కొట్టుకో" అని సెంటరన్న కూజా ఇచ్చాడు. కొట్టుకున్నాక మంట ఇంకా ఎక్కువైంది. అప్పుడు నాకు అనుమానమొచ్చి నా వేళ్ళు మెల్లగా వాసన చూసుకున్నాను. ఘాటు గుప్పున కొట్టింది. గబుక్కున రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను. టైలరు మాత్రం గోడ పట్టుకుని, "అన్నా, ఒక్క గంటాగి ఆడొచ్చా?" అని అడిగాడు. "పేరు పన్నెండు లోపల ఫోన్లో చెప్పాలిరా గుంటూరుకి" అని సెంటరన్న నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా? నువ్వు సరేనంటే వాళ్ళని బతిమాలతాను." అందరూ నన్నే చూస్తున్నారు, కళ్ళు తెరవలేని వాడొక్కడు తప్ప. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. తొడిమలు తీసి చేతులు కడుక్కోకుండా వచ్చానన్నా అని. అంతే. నా నోట్లోంచి వచ్చిందేమిటంటే, "రూలంటే రూలే కదన్నా."

వాడు ఒక కన్ను సగం తెరిచి ఆడాడు. పంతొమ్మిది వచ్చాయి.

సాయంత్రం బస్టాండులో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు టైలరు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఉంది. విప్పితే లేత నీలం గళ్ళ చొక్కా, ఇస్త్రీ మడతల మీద. "మా నాన్న కుట్టాడు. గుంటూరు వెళ్ళేది నువ్వు కదా, వేసుకో" అన్నాడు. వద్దురా అన్నాను. "వేసుకోరా" అని చేతిలో పెట్టి, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. నేను, "బస్సు కదులుతోందిరా" అన్నాను. బస్సు ఇంకో పావుగంటకి గానీ కదల్లేదు. ఆ పావుగంటా నేను కిటికీలోంచి అవతలి వైపుకి చూస్తూ కూర్చున్నాను.

గుంటూరులో ఏం జరిగిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి ఆటలోనే, నాలుగు నిమిషాల్లో నన్ను లేపేశారు. చొక్కా చేతులు నాకు పొడుగైపోయి మౌసు మీదకి జారుతున్నాయి, అదీ ఒక వంక. మజ్జిగ తాగి తిరుగు బస్సెక్కాను. మరి ఇంతటి ఘనకార్యం చేసినవాడు తలదించుకుని ఉండాలా వద్దా? అభిప్రాయాలున్నవాడు తలెలా దించుకుంటాడండీ! మర్నాడే వెళ్ళి నాలుగో నంబరు ముందు కూర్చుని, "అద్దంకిలో నా విజయానికి పదకొండు కారణాలు" అని బ్లాగులో రాసిపారేశాను. ఒకటి ఏకాగ్రత, రెండు పట్టుదల, ఇలా పోతుంది. ఏడో కారణం మటుకు నాకు బాగా గుర్తుంది. "ఆటగాడి కళ్ళు ఎలాంటి ఒత్తిడిలోనూ చెమర్చకూడదు" అని రాశాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపిస్తుంది. దాని కింద ఒకే ఒక్క కామెంటు వచ్చింది, టైలరు దగ్గర్నుంచి. "బాగా రాశావు." అంతే. ఆ తర్వాత వాడు సెంటర్‌కి రావడం తగ్గించేశాడు. షాపులో పని ఎక్కువైందన్నారు. నేనూ అదే నమ్మాను, నమ్మితే సుఖంగా ఉంటుంది కాబట్టి.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు నేను గుంటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను (జిరాక్సు కాగితాలు పంచుతాను, అభిప్రాయాలు మారతాయండీ). క్లాసు నిండా ఆవులించే కుర్రాళ్ళు. వాళ్ళని చూసీ చూసీ నాకూ ఆవులింతలు. మొన్న వేసవిలో కారం తెచ్చుకుందామని ఊరికి వెళ్ళి, మా అబ్బాయి స్కూలు యూనిఫాం కుట్టించాలన్న సాకుతో వాణ్ణి వెంటబెట్టుకుని అద్దంకిలో ఆ సందులోకి వెళ్ళాను. నెట్ సెంటర్ ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు రిపేరు చేస్తున్నారు. టైలరు మాత్రం అదే షాపులో, అదే మిషను ముందు, కళ్ళజోడుతో ఉన్నాడు. మా వాడి కొలతలు తీసుకుని, టీ తెప్పించాడు. ఉండబట్టలేక, టీ సగంలో చెప్పేశాను. "ఒరేయ్, ఆ రోజు నీ కళ్ళు మండింది నా చేతుల వల్లరా. మిరపకాయల తొడిమలు తీసి, కడుక్కోకుండా వచ్చాను."

వాడు టేపు మెళ్ళో వేసుకుంటూ, "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"అప్పుడే. కళ్ళు కాస్త తెరుచుకున్నాక చూస్తే కీబోర్డు మీద మిరప గింజ ఉంది. మా ఇంట్లో మాత్రం కారం కొట్టించరేందిరా?"

"మరి అప్పుడే నలుగుర్లో అడిగెయ్యొచ్చు కదరా!"

"నువ్వే చెబుతావేమోనని చూశా. చొక్కా ఇచ్చినప్పుడన్నా చెబుతావనుకున్నా."

"ఎన్నాళ్ళు చూశావురా?" అన్నాను.

"నువ్వు బ్లాగు రాసిందాకా" అని నవ్వాడు. కోపం లేని నవ్వే. అందుకే మరీ కష్టంగా అనిపించింది. గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, రెండు చేతులతో కళ్ళు గట్టిగా నులుముకున్నాడు. ఆ అలవాటు పోలేదు. "ఇప్పుడన్నా రాయరాదూ ఆ కారణం కూడా" అన్నాడు. "దాని పాస్‌వర్డు ఎప్పుడో మర్చిపోయానురా" అన్నాను. "అయితే ఇంకెక్కడైనా రాయి" అని, మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఇరవయ్యేళ్ళ ఆ అభిప్రాయాల మేధావి మీద ఇప్పుడు నాకు కోపం కూడా రావడం లేదు, నవ్వొస్తోంది, కాస్త జాలేస్తోంది. పాపం, పదకొండు కారణాలు వరుసగా పేర్చడానికి ఎంత అలసిపోయి ఉంటాడో! ఒరేయ్ టైలరూ, నువ్వు ఇది చదువుతావో లేదో తెలియదు. పన్నెండో కారణం ఇదిగో, పైనంతా రాశాను. "క్ష" ఎలా కొట్టాలో కూడా నేర్చుకున్నాను. నన్ను క్షమించరా.