సీలు విప్పింది నేనే

నా వయసుకు, నా పొట్టకు తగని కారు ఒకటి కొన్నాను. ముందు ఆ సిగ్గు చెప్పుకుంటే తర్వాతి సిగ్గు చెప్పడం కాస్త తేలిక.

గద్వాలలో నాకు విత్తనాల దుకాణం ఉంది. పత్తి విత్తనాలు, పురుగుమందులు అమ్ముతాను. యాభైకి దగ్గరపడ్డాక హైదరాబాదు నుంచి రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండులో తెచ్చుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను, కోరిక! అది నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, దిగాలంటే ముందు ఒక కాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని, "అమ్మా" అనుకుంటూ లేవాలి. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే గుండె ఆగేది. బజారులో చాయ్ తాగేవాళ్ళు ఆపి మరీ అడిగేవారు: "అన్నా, సగం కారే ఇచ్చిండ్రా? తక్కిన సగం ఎప్పుడిస్తరట?" మా ఆవిడ ఒక్కసారి ఎక్కి, "నీళ్ళ గాబుల కూసున్నట్టున్నది," అని మళ్ళీ ఎక్కలేదు.

ఇంజన్ ఆయిల్ మార్చే సమయం వచ్చింది. గద్వాలలో ఏ దుకాణంలో అడిగినా ట్రాక్టర్లకు పోసేది, బైకులకు పోసేది తప్ప ఇంకోటి లేదు. ఒకాయన మాత్రం, "గీ కార్లకు సింథటిక్ పోయాలె సార్. వనపర్తిల ఒక అక్క ఉంది, ఆమెనడుగు. లేకుంటే తెప్పిచ్చి ఇస్తది," అన్నాడు.

వనపర్తిలో ఆమె దుకాణం ట్రాక్టర్లు ఆగే చోట ఉంది. భర్త లారీ మెకానిక్కట. ఆయన పోయాక దుకాణం ఆమే నడుపుతోంది. బోరు లారీల డ్రైవర్లు, ట్రాక్టర్ల వాళ్ళు ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చుని ఉండేవారు. నేను కారు దిగే తంటా చూసి ఆమె పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"మంచి ఆయిల్ కావాలె అక్కా. ఎంతైనా పర్వలేదు," అన్నాను.

"మంచి ఆయిల్ అని వేరే ఉండది తమ్మీ. నీ బండికి ఏది పడ్తదో గదే మంచిది. బుక్కు తెచ్చినవా?"

కారుతోపాటు వచ్చిన పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంది. తెచ్చి ఇచ్చాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, పేజీ మీద వేలు జరుపుతూ, పెదవులు కదుపుతూ చదివింది. ఆయిల్ ఎంత పలచగా ఉండాలో చెప్పే అంకెలు, దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో కారు కంపెనీ ఒప్పుకున్న ఆయిల్ రకం నంబరు, రెండూ ఒక అట్టముక్క మీద రాసుకుంది. "అంకెలొక్కటే కలిస్తే చాలదు, గీ నంబర్ గూడ డబ్బా మీద ఉండాలె. మూడు దినాలు ఆగు, బస్సు పార్సిల్‌ల తెప్పిస్త," అంది.

నా ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఏ రైతు కోసమూ నేను అంత శ్రద్ధగా ఏ చీటీ చదవలేదు. ఆ మాట నాకు అప్పుడే తట్టి ఉంటే ఎంత బాగుండేది!

నాలుగోనాడు ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాను. అతనికి మూడు ట్రాక్టర్లున్నాయి. ఆమె డబ్బాలు బల్ల మీద పెట్టింది. అట్టముక్క మీది నంబరు, డబ్బా మీది నంబరు పక్కపక్కన పెట్టి చూపించింది. సీలు తీయమంటే తీయలేదు.

"నేనిప్ప. నువ్వే ఇప్పి చూస్కో. పోసినంక ఖాళీ డబ్బాలు నాకు తేవాలె, నీ ముంగటనే పొడుస్త. లేకుంటే ఎవడో ఒకడు నకిలీది నింపి మళ్ళ అమ్ముతడు."

ఆమె దుకాణం మూలలో స్క్రూడ్రైవరుతో పొడిచిన ఖాళీ డబ్బాలు కుప్పగా ఉన్నాయి. ప్రతి గిరాకీతోనూ అదే పద్ధతి.

సీలు నేనే విప్పాను. ఇక్కడే మా వైపు అలవాటు ఒకటి నా కొంప ముంచింది. మా దగ్గర ఏ సరుకునైనా చేత్తో చూడందే నమ్మరు. రైతు విత్తనాల ప్యాకెట్ విప్పగానే అరచేతిలో పోసుకుంటాడు. ట్రాక్టరు ఆయిల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్ళు విడదీసి, ఎంత సాగుతుందో చూస్తారు. ఎంత చిక్కగా సాగితే అంత గట్టి సరుకని లెక్క. నేనూ అలాగే రెండు చుక్కలు వేలి మీద వేసుకుని రుద్దాను. సాగలేదు. వేలి మీంచి జారి మణికట్టు దాకా కారింది.

"గిదేంది అక్కా, నీళ్ళ లెక్కున్నది?"

"సింథటిక్ గట్లనే ఉంటది తమ్మీ. నీ ఇంజన్ల సందులు సన్నగుంటయ్. సూది సన్నగుంటే దారం గూడ సన్నగుండాలె గద."

నా స్నేహితుడు కూడా రుద్ది చూసి, "అన్నా, గద్వాల నుంచి గింత దూరమొచ్చి నీళ్ళు కొంటున్నవా?" అన్నాడు. బల్ల మీద కూర్చున్న డ్రైవర్లందరూ పకపకా నవ్వారు.

ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చెప్పింది అర్థం కాక కాదు. కారు చూసి నవ్వేవాళ్ళు ఇప్పుడు నన్ను చూసి నవ్వారు, అంతే. నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"ఆడమనిషివి గదాని నమ్మితే నాకే నకిలీ మాల్ అంటగడ్తవా? నేను యాపారం చేసెటోణ్ణి, నాకు తెల్వదా!"

ఆమె అరవలేదు. "తమ్మీ, సీలు నువ్వే ఇప్పినవ్ గద," అంది.

ఆ మాట నిజం కాబట్టే ఇంకా గట్టిగా అరిచాను. విప్పిన డబ్బా తీసుకెళ్ళి ఆమె గడప ముందే బోర్లించాను. తేనె రంగు ఆయిల్ మెట్ల మీంచి పలచగా పారుతుంటే ఫోన్‌తో వీడియో తీశాను. "చూడుండ్రి, వనపర్తిల నకిలీ ఆయిల్, ఎవ్వరు మోసపోకుండ్రి," అని గొంతు కూడా కలిపాను. అక్కడే నిలబడి మా డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నేను కారెక్కేసరికి ఆమె రంపపు పొట్టు తెచ్చి మెట్ల మీద చల్లుతోంది. ఎవరూ జారి పడకూడదని.

అదే ఊపులో నాగర్‌కర్నూల్ పోయి, నా స్నేహితుడు చెప్పిన చిక్కటి ఆయిల్ కొని పోయించాను. వేళ్ళ మధ్య బెల్లం పాకంలా సాగింది. ఎంత తృప్తిగా అనిపించిందో! సాయంత్రానికి నా వీడియో తిరిగి తిరిగి మా బావమరిది ఫోన్ నుంచి నాకే వచ్చింది. "మంచి పని చేసినవ్ బావా," అని రాశాడు. ఛీ, ఆ మాటకు పొంగిపోయాను.

రెండు నెలలు గడవకముందే పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్లో టకటకమని చప్పుడు మొదలైంది. హైదరాబాదులో ఇలాంటి కార్లు చూసే ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. మెకానిక్ ఆయిల్ దింపి, వేలితో చూసి, నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఇదేంది సార్, ట్రాక్టర్‌ది పోసిండ్రా? ఇంకొన్నాళ్ళు తిప్పితే ఇంజన్ ఖతమ్." తర్వాత అరలోంచి కొత్త డబ్బా తీశాడు. అదే రంగు డబ్బా. అదే నంబరు. సీలు విప్పగానే ఆగలేక నేనే వేలు పెట్టాను. రుద్దాను. సాగలేదు. మణికట్టు దాకా కారింది.

ఇంజన్ పోయినా సరే, ఆమె మాట అబద్ధమైతే చాలని ఆ క్షణంలో మొక్కుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది. ఇంజన్ బాగుపడింది.

నా సంగతే నాకు గుర్తుకు రావాలి కదా! ఒక ఏడాది వానలు వెనకబడి మొలక రాకపోతే, ఒక రైతు మిగిలిన విత్తనాలు తెచ్చి నా దుకాణంలో, పదిమంది ఎదుట, నా ముఖాన కొట్టాడు. దొంగ అన్నాడు. తర్వాత వానపడి మొలకలొచ్చినా, తప్పయిందని చెప్పడానికి రాలేదు. ఎన్ని రోజులు నాకు అన్నం సహించలేదో నాకు తెలుసు. అంత తెలిసిన నేనే ఆ పని చేశాను. వీడియో నా ఫోన్‌లోంచి తీసేశాను. తప్పు నాదేనని మాత్రం గ్రూపులో ఒక్క ముక్క రాయలేకపోయాను. వనపర్తి మీదుగా పోవాల్సి వస్తే ఆ దుకాణం వైపు పోకుండా సందులు తిరిగి పోయాను. ఇట్లా ఇంకో మూడు నెలలు.

చివరికి బస్సులో వెళ్ళాను. ఆ కారు అందరికీ గుర్తు. మధ్యాహ్నం భోజనాల తర్వాత, దుకాణంలో ఎవరూ ఉండరనుకున్న వేళ చూసుకుని వెళ్ళాను. ముందు బల్ల ఖాళీగా ఉంది. అరల్లో సగానికి సగం డబ్బాలు లేవు. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది.

"అక్కా, తప్పయింది. ఆయిల్ అసలుదే. నాకు తెల్వక అన్న," అన్నాను.

"కూసోండ్రి సార్."

తమ్మీ పోయి సార్ వచ్చింది. తల ఎత్తలేకపోయాను.

"అన్నప్పుడు అందరి ముంగట అన్నరు," అంది ఆమె, అరలోని డబ్బా తుడుస్తూ. "ఇప్పుడు ఎవ్వరు లేనప్పుడు జెప్తున్నరు."

తల కొట్టేసినట్టయింది. నేను వేళ ఎందుకు చూసుకుని వచ్చానో ఆమెకు తెలిసిపోయింది. "మనుషులొచ్చేదాంక కూసుంటనక్కా. అందరి ముంగటనే జెప్త," అన్నాను.

"మీ ఇష్టం."

బల్ల మీద కూర్చున్నాను. ఒక గంట. ఇంకో గంట. ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి. ఒకటి దుకాణం ముందు నెమ్మదించింది, డ్రైవరు లోపలికి చూసి పోనిచ్చాడు. ఆమె తుడిచిన డబ్బానే మళ్ళీ తుడిచింది. "దినాం గిట్లనే సార్," అంది, నేను అడగకుండానే. ఒక్క గిరాకీ రాలేదు. నలుగురి ముందు చెబుదామంటే ఆ నలుగురూ రాకుండా చేసింది నేనే.

ఇక ఉండలేక రోడ్డు దాటి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కు వెళ్ళాను. ఏడెనిమిది మంది డ్రైవర్లున్నారు. గట్టిగానే చెప్పాను: ఆ వీడియో తీసింది నేను, ఆయిల్ అసలైనదే, నాకే తెలియక పేరు చెడగొట్టాను, ఆమె దగ్గర మోసం లేదు. అందరూ చాయ్ గ్లాసులు పట్టుకుని విన్నారు. అప్పుడు బల్ల చివర కూర్చున్నాయన పళ్ళు కనబడేట్టు నవ్వాడు.

"గిట్ల జెప్పుమని ఎంతిచ్చిందన్నా అక్క?"

అందరూ నవ్వారు, ఆ రోజులాగే పకపకా. కాదు, కాదు అంటూనే ఉన్నాను, నా మాట నాకే వినబడలేదు. వెనక్కి తిరిగితే ఆమె తన గడప మీద నిలబడి ఉంది. మొత్తం విన్నట్టుంది.

"ఇగ పోండ్రి సార్," అంది రోడ్డు అవతలి నుంచి. "గద్వాల బస్సొచ్చింది."