పెట్టె మీద పెళ్ళికొడుకు

బాలశౌరికి మనుషుల పేర్లు గుర్తుండవు, బొత్తాలు గుర్తుంటాయి. సినిమాల్లో ఒక సన్నివేశాన్ని ఇవాళ సగం తీసి, మిగతా సగం వచ్చే నెలలో తీస్తారు. ఈలోగా హీరోయిన్ ఎడమచేతికి ఎన్ని గాజులున్నాయో, హీరో చొక్కాకి పైనుంచి ఎన్ని బొత్తాలు విప్పి ఉన్నాయో తేడా రాకుండా ఫోటోలు తీసి పెట్టడం, అంటే కంటిన్యుటీ చూడటం, అతని పని. గుంటూరు జిల్లా నుంచి పద్దెనిమిదో ఏట మద్రాసు వెళ్ళాడు. అక్కడొక స్టిల్ ఫోటోగ్రాఫర్ వెనకాల కెమెరా పెట్టెలు మోసి పని నేర్చాడు. సినిమా పరిశ్రమ హైదరాబాదుకి తరలివస్తుంటే తనూ సంచీ మెళ్ళో వేసుకుని వచ్చేసి, కృష్ణానగర్‌లో ఒక మేడమీది గదిలో దిగాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే డేట్లు కుదరలేదనేవాడు.

పనిలో మాత్రం అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. ఒక హీరోగారి పెట్టుడు మీసం పొద్దుటికీ సాయంత్రానికీ బియ్యపు గింజంత పక్కకి జరిగిందని పట్టుకుని షూటింగు ఆపించిన ఘనత అతనిది. అలాంటి మనిషి సొంత మేనకోడలి పెళ్ళి ఫోటో దగ్గర బోల్తా పడ్డాడు. ఇది తొంభైల మొదట్లో మాట.

మేనకోడలు పుష్పకుమారి, అక్క సారా కూతురు. మోతీనగర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేది. కళ్ళజోడు లేకపోతే నల్లబల్ల ఎక్కడుందో కూడా తెలియని చూపు ఆమెది. మనిషి పొడగరి. పెళ్ళికొడుకు జాన్ బాబు సిటీ బస్సులో కండక్టరు, ఆమెకన్నా నాలుగు వేళ్ళు పొట్టి. వాళ్ళిద్దరికీ ఆ నాలుగు వేళ్ళ సంగతి పట్టినట్టే లేదు. పట్టింది బాలశౌరికి.

పెద్ద సైజులో ఒక జంట ఫోటో తీసి, చట్రం కట్టించి, పెళ్ళికానుకగా ఇస్తానని అక్కకు ముందే మాటిచ్చాడు. పెళ్ళి ప్రార్థన అయ్యాక ఇద్దర్నీ చర్చి వెనకగదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ బూడిదరంగు తెర కట్టి, షూటింగు నుంచి అరువు తెచ్చిన రెండు లైట్లు పెట్టి ఉన్నాయి. పొట్టి హీరోల్ని నిలబెట్టే చెక్కపెట్టె ఒకటి ఉంటుంది, దాన్నీ మోసుకొచ్చాడు. జాన్ బాబుని దానిమీదకి ఎక్కించాడు. అద్దాల్లో లైట్లు మెరుస్తున్నాయని పుష్పకుమారి కళ్ళజోడు తీయించి జేబులో పెట్టుకున్నాడు. తెల్లచీర కుచ్చిళ్ళు సర్దాడు, మేలిముసుగు అంచు కొలిచినట్టు భుజానికి తెచ్చాడు, పెళ్ళికొడుకు టై ముడిని మూడుసార్లు కదిపాడు. గడ్డం పైకి, భుజం కిందికి, నవ్వు కొంచెం తక్కువ అని చెబుతూ పన్నెండు ఫోటోల రోలు మొత్తం పూర్తి చేశాడు.

ఫోటో వచ్చింది. ఒక్క కుచ్చి చెదరలేదు, ఒక్క వెలుగు తప్పలేదు. అయినా దాన్ని చూసినప్పుడల్లా బాలశౌరికి నోట్లో ఉప్పు తక్కువైన కూర పెట్టుకున్నట్టుండేది. ఏం తక్కువైందో అంతుపట్టలేదు. అక్కనడిగితే బాగుందిరా అంది. పుష్పకుమారి కూడా బాగుంది మావయ్యా అంది. జాన్ బాబు అయితే చాలా బాగుందండీ అని, ఫోటో వైపు చూడకుండా అతనికి కుర్చీ వేశాడు.

రెండు వారాల తరవాత ఒక ఆదివారం సారా ఇంటికి భోజనానికి వెళ్ళాడు. హాల్లో నాలుగు గోడలూ వెతికినా ఫోటో కనిపించలేదు. చివరికి భోజనానికి ముందు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు గాలికి వీధి తలుపు మూసుకుంది. తలుపు వెనకాల గోడమీద కొత్త జంట నిలబడి ఉంది. పొద్దున్నించి రాత్రిదాకా తీసే ఉండే తలుపు అది. ఎండకి రంగు వెలిసిపోతుందని అక్కడ పెట్టానురా అని సారా సంజాయిషీ చెప్పింది. ఆ హాల్లోకి ఎండ ఏ వేళా రాదు. ఆ పూట బాలశౌరి మజ్జిగ పోసుకోకుండానే భోజనం ముగించి లేచాడు.

ఇక మర్నాటినుంచి ఫోటో సైజు తగ్గించిన కాపీ ఒకటి కవర్లో పెట్టుకుని, నిజం చెప్పే మనిషి కోసం ఫిల్మ్‌నగర్ అంతా తిరిగాడు. అలాంటి మనిషి ఎక్కడైనా దొరకొచ్చు గానీ ఫిల్మ్‌నగర్‌లో దొరకడం కష్టం. ప్రివ్యూ చూసి బయటికొచ్చినవాళ్ళు నిర్మాత చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుని బాగుందంటే ఆ సినిమా అంత తొందరగా పోతుందని బాలశౌరికి తెలుసు. ఇప్పుడు అందరూ తన చెయ్యే పట్టుకుంటున్నారు. తనెంతో గౌరవించే కెమెరామన్ గోపాలకృష్ణగారు ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఒక కన్ను మూసి చూశారు. పెద్దదానికి చట్రం కట్టించావా అని అడిగారు. కట్టించానండి, టేకుదని చెబితే, టేకయితే మన్నుతుందయ్యా అని భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఆ వారమే జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా అద్దెకు తీసుకుని పెళ్ళి సన్నివేశం తీస్తున్నారు. పెళ్ళిపందిట్లో ముందు వరసలో కూర్చుని అక్షింతలు వేసే ముసలమ్మల్లో మల్లమ్మ ఒకతె. బోరబండ నుంచి వచ్చేది. వందకు పైగా పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసింది గానీ ఏ సినిమాలోనూ ఆమెకు ఒక్క మాట ఇవ్వలేదు. ఇవ్వకుండానే చాలా మాట్లాడుతుందని పేరు. ఒకసారి ఒక హీరోగారి దగ్గరికెళ్ళి, జుట్టు వెనకాల లేచింది బిడ్డా, జర ఒత్తిపెట్టుకో అని అందరి ముందూ చెప్పింది. అది విగ్గన్న సంగతి యూనిట్‌లో అందరికీ తెలిసినా ఎవరికీ తెలియనట్టే నడుస్తోంది అప్పటిదాకా. ఆ తరవాత మూడు నెలలపాటు ఆమెను ఏ పెళ్ళికీ పిలవలేదు.

భోజనాల వేళ బాలశౌరి తన పళ్ళెం పట్టుకుని ఆమె పక్కన మెట్లమీద కూర్చున్నాడు. కవరు తీసి ఇచ్చాడు. ఫోటో ఎవరు తీశారో చెప్పలేదు. ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని ఫోటో అందుకుంది. చాలాసేపు చూసింది.

“గీ పిల్ల ఎవల్ని సూస్తున్నది?” అంది.

“కెమెరానే అక్కా.”

“కాదు. కెమెరా ఏడుందో పిల్లకు ఎరుక లేదు. కండ్లద్దాలు పెట్టుకునే పిల్ల గిది. ముక్కుకు రెండు దిక్కుల గుంటలున్నయ్ సూడు. ఎవలో తీపిచ్చిన్రు.”

బాలశౌరి ఫోటో లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ముక్కుకి అటూ ఇటూ రెండు నీడ చుక్కలు. బియ్యపు గింజంత జరిగిన మీసాన్ని పట్టుకున్న కళ్ళు వాటిని పట్టుకోలేదు.

“పిలగాడేమో దేనిమీదనో ఎక్కి నిలవడ్డడు” అంది మల్లమ్మ.

“కాళ్ళు కనబడవుగా, నీకెలా తెలిసింది?”

“కాళ్లు కనవడ్తలేవు గని, మొఖంల కనవడ్తున్నయ్. పడ్తనేమో అని సూస్తున్నడు. ఇద్దరూ వేరేటోళ్ల పెండ్లికి వచ్చి, బస్సు కోసం నిలవడ్డట్టున్నరు.”

బాలశౌరి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఫోటో తీసింది తనేనని అప్పుడు చెప్పాడు. చెబితే తగ్గుతుందనుకున్నాడు. ఆమె తగ్గలేదు. అతని పళ్ళెంలో ముట్టకుండా వదిలేసిన జిలేబీ తీసుకుని కొరుకుతూ నిదానంగా అంది.

“నీకు పిల్ల పొడుగుండుడు నచ్చలె. పిలగాడు పొట్టిగుండుడు నచ్చలె. అద్దాలు నచ్చలె. గట్లయితే ఫోటో ఎవలది తీసినవ్ బిడ్డా?”

ఆ రోజు మధ్యాహ్నం బాలశౌరి తీసిన కంటిన్యుటీ ఫోటోల్లో రెండు కదిలిపోయాయి. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. మల్లమ్మ మీద రెండు రోజులు మండిపడ్డాడు. అక్షింతలు వెయ్యడం తప్ప ఏం తెలుసు ఆవిడకి అని గదిలో పచార్లు చేస్తూ పైకే అన్నాడు. మూడోరోజు భూతద్దం తీసి పన్నెండు నెగటివ్‌లూ వరసగా చూశాడు. పన్నెండింటిలోనూ పుష్పకుమారి కెమెరాకి జానెడు ఎడంగా చూస్తోంది. పన్నెండింటిలోనూ జాన్ బాబు మెడనరం బిగుసుకుని ఉంది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఎర్రగడ్డలో కొత్త దంపతులు అద్దెకున్న వాటాకి వెళ్ళాడు. పుష్పకుమారి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. జాన్ బాబు డ్యూటీ దిగి వచ్చి వంకాయలు కోస్తున్నాడు. బాలశౌరి ఫోటోని పేపర్ల మీద పెట్టి, ఇది కూడా దిద్దమ్మా, మొహమాటం లేకుండా మార్కులు వెయ్యి అన్నాడు. ఆమె బాగానే ఉందిగా మావయ్యా అని మొదలుపెట్టబోయింది. బడిలో పిల్లల్తో కూడా ఇలాగే అంటావా అని అతను అడిగాడు. దాంతో ఆమె కళ్ళజోడు సర్దుకుంది.

“పదికి నాలుగు మావయ్యా. నాలుగూ చీర కుచ్చిళ్ళకే. నాకక్కడ నువ్వు కనబడలేదు, ఈయనా కనబడలేదు. నీ గొంతు ఎటునుంచి వస్తే అటు చూశాను.”

ఎర్రపెన్సిలుతో ఫోటోలో తన కళ్ళ చుట్టూ సున్నా చుట్టింది. జాన్ బాబు కత్తి కిందపెట్టి వచ్చి, ఆ చెక్కపెట్టె కిర్రుమందండీ, కదిలితే మేలిముసుగు పట్టుకుని పడతానని భయమేసింది అని ఒప్పుకున్నాడు. బస్సు ఎంత కుదిపినా కమ్మీ పట్టుకోకుండా టిక్కెట్లు కొట్టే మనిషి అతను. మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా అంటే, మీరు అంత కష్టపడుతుంటే ఎలా చెప్పమంటారు మావయ్యగారూ అన్నాడు. పుష్పకుమారి ఇంకో మాట చెప్పింది. పెళ్ళిచూపులప్పుడే ఆయన, మీరు పొడుగ్గా ఉన్నారు, ఇంట్లో అటకమీద సామాను దించడానికి నిశ్చింత అన్నాడట. ఆ మాటకే తను ఒప్పుకుందట. బాలశౌరికి ఆ సంగతి తెలియదు. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరితో పావుగంట కూర్చుని మాట్లాడలేదు, మేలిముసుగు కొలతలు మాత్రం రెండుసార్లు తీసుకున్నాడు.

మళ్ళీ తీస్తాను, ఈసారి పెట్టె తేను అన్నాడు. వాళ్ళు ఒకర్నొకరు చూసుకుని, సరే, వంకాయ కూర తినే వెళ్ళాలి మరి అన్నారు.

మర్నాటి ఆదివారం ప్రార్థన అయ్యాక సారా ఇంటి డాబామీద ఏర్పాటు చేశారు. ఎండ అంత తీవ్రంగా లేదు. మల్లమ్మను బాలశౌరి స్వయంగా బోరబండ వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాడు. సారా ఆమెకు కుర్చీ వేసి, ఈవిడెవర్రా అని చెవిలో అడిగింది. ఆ ఫోటో బాగాలేదని చెప్పిన మనిషి అన్నాడు. సారా వెంటనే లోపలికెళ్ళి ఆమెకు పెద్ద గ్లాసుతో కాఫీ తెచ్చింది.

పుష్పకుమారి తెల్లచీర కట్టుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది. జాన్ బాబు నేలమీద నిలబడ్డాడు. బాలశౌరి రోలు ఎక్కించాడు గానీ చేతులు ఊరుకోలేదు. టై ముడి వైపు ఒకడుగు వేశాడు. మల్లమ్మ ముట్టకు అంది. వెనక్కి వచ్చాడు. కళ్ళజోడు అద్దాల్లో ఆకాశం మెరుస్తోంది. అటు తిరగమని ఇటు తిరగమని చెప్పి ఆరు ఫోటోలు తీశాడు. ఆరూ పాతవాటి చెల్లెళ్ళలాగే ఉంటాయని తీస్తుండగానే తెలిసిపోయింది. ఇక ఏం చెప్పాలో తోచక, కెమెరాలో తల దూర్చి, ఏదో సరిచేస్తున్నట్టు నటిస్తూ ఊరుకున్నాడు.

వాళ్ళిద్దరూ కాసేపు బుద్ధిగా నిలబడ్డారు. తరవాత విసుగొచ్చింది. పుష్పకుమారికి ఏదో గుర్తొచ్చి, పాలు దించాక పొయ్యి కట్టేశారా అని భర్తను మెల్లగా అడిగింది. కట్టేసేది నువ్వనుకున్నా అన్నాడతను. ఆమె కిందికి, అతను పైకి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే బెంగ రెండు మొహాల్లో. బాలశౌరి మీట నొక్కాడు.

తరవాత జాన్ బాబు బస్సు పట్టుకుని ఎర్రగడ్డ పరుగెత్తాడు. పొయ్యి కట్టేసే ఉంది. పాలమీద మూత పెట్టడం మరిచిపోయారంతే. పిల్లి తాగింది.

ఆ ఫోటోలో లోపాలు లేకపోలేదు. ఎడమ అద్దంలో ఆకాశం తెల్లగా పడింది. టై ముడి పక్కకి జరిగింది. డాబా పిట్టగోడమీద సారా ఆరేసిన తువ్వాలు కొస కనబడుతోంది. వాటిని చూస్తుంటే బాలశౌరికి వేళ్ళు దురదపెట్టేవి. అయినా ఫోటో ఎంతసేపు చూసినా కూరలో ఉప్పు సరిపోయినట్టే ఉంది. మల్లమ్మకు చూపిస్తే, తువ్వాలు తీసేస్తే అయిపోయేది అని ముందు ఒక మాట అని, ఆ తరవాత అంది.

“గిప్పుడు వీళ్లు మొగుడు పెండ్లాలు.”

పుష్పకుమారి పదికి ఎనిమిది వేసింది. మిగతా రెండూ ఎందుకు కోశావని అడిగితే, పాలు పోయాయిగా మావయ్యా అంది.

ఆ ఏడాది నుంచి బాలశౌరి షూటింగు లేని రోజుల్లో కృష్ణానగర్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఫోటో తీసేముందు పెళ్ళివారింట్లో ఒక పూట ఊరికే కూర్చునేవాడు. ఆడపెళ్ళివాళ్ళు అతన్ని మగపెళ్ళివాడనీ, మగపెళ్ళివాళ్ళు ఆడపెళ్ళివాడనీ అనుకుని రెండుసార్లు కాఫీ ఇచ్చేవాళ్ళు. ప్రతి ఫోటో మల్లమ్మ చూడాల్సిందే. ఆమె వంక పెట్టని ఫోటో ఏదీ లేదు. ఆ వంకల్లో సగం నిజమనీ, మిగతా సగం ఆవిడ సరదా అనీ అతనికి మెల్లగా తెలిసొచ్చింది. ఏ సగం ఏదో మాత్రం తెలిసేది కాదు.

వందకు పైగా పెళ్ళిళ్ళలో కూర్చున్న మల్లమ్మకు తనదంటూ ఒక్క ఫోటో లేదని ఒకనాడు మాటల్లో బయటపడింది. బాలశౌరి ఆమెను గదికి పిలిచి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, శ్రద్ధగా తీసి, మంచి కాగితం మీద వేసి తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె ఫోటోని చాలాసేపు చూసింది.

“గడ్డం కింద ఏంది గీ ఎలుగు?” అంది.

బాలశౌరి దొరికిపోయాడు. కిందినుంచి వెలుగు పడి, ముడతలు పడిన మెడ నున్నగా కనబడటానికి ఒళ్ళో తెల్లటి థర్మోకోల్ అట్ట పెట్టించాడు, హీరోయిన్లకి పెట్టినట్టు. చీర మీద దుమ్ము పడకుండా అని ఆమెకు చెప్పాడు అప్పుడు.

మల్లమ్మ ఫోటో వెనక్కి ఇచ్చేసింది. అతను సంచీలోంచి కెమెరా తీసి, ఆమె వాకిట్లోనే, ఆమె చింతపండు పిక్కలు తీస్తుండగా మళ్ళీ మొదలుపెట్టాడు.