అడకత్తెరతో కత్తిరించిన కార్డు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంటి గోడ మీద బల్లి కనిపిస్తే, నేను టీ కొట్టుకు చేరేసరికి అది మొసలైపోతుంది. కాబట్టి ఇందులో కొలతలన్నీ సగానికి సగం కొట్టేసి చదువుకోండి. దయ్యాల విషయంలో మాత్రం పెంచడానికి నా దగ్గర సరుకే లేదు. ఊహ తెలిశాక ఒక్క దయ్యాన్నీ నమ్మలేదు. అద్దె తక్కువని శ్మశానం పక్కన కాపురం పెట్టి, అక్కడ దోమల్ని తప్ప ఎవరినీ తిట్టుకోని మనిషిని.

మాది నర్సీపట్నం. రైతుల మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ షాపు నాది. నా క్రెడిట్ కార్డుకు తోడుగా మా ఆవిడ రవణమ్మ పేరున ఇంకో కార్డు తీసుకున్నాను. మిషన్‌కు దగ్గరగా పెడితే చాలు, టిక్కుమని డబ్బు కట్టేసే రకం.

"ఏటండీ, బస్సులో ఎవడైనా పక్కన నిలబడి మిషనెట్టి మన డబ్బు ఊడ్సుకుపోడా?" అంది మొదటి రోజే.

తీగల మాటొస్తే నేను ఊరుకుంటానా? అన్నం చల్లారి, మళ్ళీ వేడి చేసుకుని, మళ్ళీ చల్లారేదాకా ఉపన్యసించాను. కార్డు లోపల అంచు వెంబడి సన్నటి తీగ చుట్టి ఉంటుంది. మిషన్‌లోనూ అలాంటి చుట్టే ఉంటుంది. రెండూ బెత్తెడు దూరంలోకి వస్తే కార్డు తీగలో కరెంటు పుట్టి చిప్పు మేలుకుంటుంది. ఆ ఒక్కసారికే పనికొచ్చే రహస్య సంకేతం తయారుచేసి పంపుతుంది. దొంగ దాన్ని పట్టుకున్నా రెండోసారి చెల్లదు. పెద్ద మొత్తమైతే పిన్ను కూడా అడుగుతుంది.

"అయితే సిన్న సిన్నవి పోతాయన్నమాట," అని కార్డును తన స్టీలు కుంకుమ బరిణెలో పెట్టి మూతేసింది. ఆ మూత దాటి ఏ మిషనూ కార్డును పలకరించలేదు. నా ఉపన్యాసం కంటే బరిణే గట్టిది.

దసరాకు ఆయుధపూజ చేస్తూ మిక్సీకీ, నా వైండింగ్ మిషన్‌కీ, టీవీ రిమోట్‌కీ బొట్లు పెట్టి, కార్డుకూ పెట్టింది, సరిగ్గా చిప్పు మీద. తడి పసుపు, దాని మీద కుంకుమ. ఎండి పెచ్చు కట్టింది. అప్పటినుంచి కార్డును మిషన్‌లో దూరిస్తే పలికేది కాదు, దగ్గర పెడితే మాత్రం టిక్కుమనేది. తీగకు బొట్టు అడ్డం కాదు కదా. తుడుస్తానంటే, "అమ్మోరి బొట్టండీ, సెరపకూడదు," అని చేతి మీద కొట్టేది.

ఆ కార్డుతో ఆవిడ నెలనెలా కొనేది నా బీపీ మందులు. మానేస్తే పక్షవాతం ఖాయమని డాక్టరు గట్టిగానే చెప్పాడు. పొద్దున్నే మాత్ర, నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆవిడ నా వెంట పడేది.

మాఘమాసంలో ఆవిడ పోయింది. జ్వరం వచ్చింది, ఆస్పత్రిలో చేర్చాం, పోయింది. ఇక్కడ పెంచడానికి ఏమీ లేదు.

పన్నెండో రోజు దాటాక చుట్టాలు చీరలు పంచేశారు. కార్డు మిగిలింది. బ్యాంకుకు చెప్పాలని నాకు తోచలేదు. తీగ తెగితే మోటారు చచ్చినట్టే, మా వృత్తిలో అంతే. అడకత్తెర తీసుకుని, బొట్టుతో సహా చిప్పు మీదుగా రెండు ముక్కలు చేశాను. ముక్కల్ని బరిణెలో వేసి మూతపెట్టాను. తెగింది కార్డే, బ్యాంకు లెక్కలో అది బతికే ఉంది.

తర్వాత మందులు అయిపోయాయి. నేను కొనలేదు. పంతంతో కాదు, దుఃఖంతోనూ కాదు. ఏమీ అనిపించేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, షాపులో చేతికి కరెంటు తగిలినా ఒకటే. మెడ వెనక బండ కట్టినట్టు బరువుండేది. ఉండనీ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మాకవరపాలెం రైతు మోటారు విప్పి కూర్చున్నాను. ఫోనుకు మెసేజ్ వచ్చింది. రవణమ్మ కార్డుతో మందుల షాపులో చెల్లింపు జరిగిందని. స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకునే వెళ్ళాను.

షాపు సూరిబాబు నన్ను చూడగానే నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"రద్దీగా ఉంది బాబాయ్ గారూ. 'మా ఇంటాయన నెల మందులియ్యి సూరిబాబూ' అని ఆడగొంతు. డాక్టరు సీటీ లేకుండా అడిగేది పిన్నిగారొక్కరే కదా, సెయ్యి అలవాటుకొద్దీ మందులు తీసేసింది. మిషన్ ముందుకి తోసేను, టిక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది, పిన్నిగారు లేరు కదా అని. తలెత్తితే ఎవులూ లేరు. సంచీ ఇక్కడే ఉండిపోనాది."

సంచీలో నా మాత్రలే. బిల్లు మీద ఆ రోజు తేదీయే. అక్కడే కౌంటరు పట్టుకుని భోరున ఏడ్చాను. రోడ్డు మీద కృష్ణదేవిపేట వెళ్ళే షేర్ ఆటోలన్నీ ఆగిపోయాయి. ఒక డ్రైవరు దిగి నా కోసం గోలీసోడా కొట్టాడు.

ఇంటికి వచ్చి బరిణె తెరిచాను. రెండు ముక్కలూ ఉన్నాయి. వాటిని బ్యాంకుకు పట్టుకెళ్ళాను. అక్కడి ఆఫీసరమ్మ చాలాసేపు కంప్యూటర్ చూసింది. ఈ పేరున కొత్త కార్డేదైనా పంపారా అంటే పంపలేదంది. ఫోనుతోనే టిక్కుమనిపించేలా అందులో కార్డు ఎక్కించుకున్నారా అని ఆవిడ అడిగింది. రవణమ్మది బటన్ల ఫోను.

"సంకేతం సరైనదే వచ్చిందండీ. ఈ చిప్పు తప్ప ఇంకేదీ అది ఇవ్వలేదు," అని ముక్కల వైపు చూసింది. "ఆపేయమంటారా?"

ఆపేయమన్నాను. ఆ తర్వాత మందులు నేనే కొనుక్కుంటున్నాను, నా కార్డుతో.

తెగిన తీగలో కరెంటు ఎలా పారిందో నాకు తెలియదు. నాకు తెలిసిన వైండర్లందరినీ అడిగాను, వాళ్ళకూ తెలియదు.

ఇక నేను కల్పించింది చెప్పాలి. గొంతు, బిల్లు, ముక్కలు, అవి ఉన్నవి ఉన్నట్టే రాశాను. సూరిబాబు షాపులో భోరున ఏడ్చాననీ, ఆటోలు ఆగాయనీ రాశానే, అది అబద్ధం. ఎవరూ ఆగలేదు. సంచీ తీసుకున్నాను. సూరిబాబును మంచినీళ్ళు అడిగి, అక్కడే నిలబడి ఒక మాత్ర వేసుకున్నాను. కంట చుక్క రాలేదు. ఇంకా రాలేదు.